పుస్తకంలో బొమ్మలాగే ఉండాలి

బిందుజకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. తన చదువు తొమ్మిదో తరగతితో ఆగినట్టు, కూతురు శ్రీలయ చదువు పదితో ఆగిపోతుందేమోనని.

ఆ భయంతోనే ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్‌ని ఆటోలో వేసుకుని, కేరళలోని ఒట్టప్పాలం బజారులో షిజు రిపేరు షాపుకి తెచ్చింది.

"పిల్లకి పదో తరగతి కంప్యూటర్ ప్రాక్టికల్ ఉంది. బళ్లో ఒక్కో మిషన్ దగ్గర నలుగురు. మా పిల్లకి మౌసు చేతికందదు. ఇంట్లో నేర్చుకునేలా ఇందులో బళ్లో మిషన్లని నడిపే ఆ లినక్స్ ఎక్కించండి చేట్టా."

షిజు మూత తీసి దుమ్ము ఊదాడు. "ఇది మీ పెళ్లినాటిదా చేచీ?"

"ఏదో ఆఫీసు వాళ్లు పారేస్తుంటే మా ఆయన తెచ్చాడు."

"లినక్స్‌లో బోలెడు రకాలు. ఏది వెయ్యమంటారు?"

బిందుజ కూతురి పాఠ్యపుస్తకం తెరిచి చూపించింది. "అచ్చం ఈ బొమ్మలాగే కనబడాలి."

బెంచీ మీద కూర్చున్న ముసలాయన తొంగిచూశాడు. మాసిన పంచె, చంకలో గుడ్డసంచీ. బిందుజని కూతుర్ని పిలిచినట్టు పిలిచాడు.

"అది కొత్త మిషన్లకి మోళే. ఇది మొయ్యలేదు. తేలికది వేసుకో. పైకి వేరేగా ఉంటుంది గానీ, పిల్ల నేర్చుకోవాల్సినవన్నీ అందులోనూ ఉంటాయి. అన్నీ మలయాళంలోనే చెబుతుంది."

సంచీలోంచి పెన్ డ్రైవ్ తీశాడు. "డబ్బులేం వద్దు. నేనే ఇంటికొచ్చి ఎక్కిస్తా. ఇంత పాతదాని మీద ఎలా నడుస్తుందో నాకూ చూడాలనుంది."

బిందుజ పుస్తకం మూసేసింది. భర్త వారానికి ఆరు రోజులు లారీ మీద. ఇంట్లో ఎదిగిన పిల్ల. ఈయనెవరో ఊరికే వస్తానంటాడేమిటి?

షిజు ముసలాయన్ని చూపించి నవ్వాడు. "మన వేలాయుధేట్టన్‌కి ఇదే పని చేచీ. ఎక్కడికెళ్లినా చాయ్, పళంపొరి బజ్జీలు దొరుకుతాయిగా."

"నీ షాపులో మాత్రం ఇన్నేళ్లలో ఒక్కటీ దొరకలేదురా," అన్నాడు ముసలాయన.

"మాకేం వద్దు. పుస్తకంలో ఉన్నదే వెయ్యండి," అంది బిందుజ.

షిజు వేశాడు.

తెర వెలగడానికే పావుగంట పట్టేది. తెర మీద రెండో విండో తెరిస్తే బిగుసుకుపోయేది. శ్రీలయ మౌసు పట్టుకుని ఎదురుచూస్తూ కూర్చునేది.

ఇల్లు ఎవరు చెప్పారో, ముసలాయన ఒకరోజు గేటు దగ్గరికొచ్చాడు.

"నడుస్తోందా మోళే?"

"అది అమ్మేశాం."

"అయ్యో. మరి పిల్లకి?"

బిందుజ తలుపు వేసుకుంది. లోపల శ్రీలయ కదలని తెర ముందే ఉంది.

ఆయన మళ్లీ రాలేదు.

ప్రాక్టికల్ నుంచి శ్రీలయ తొందరగానే వచ్చేసింది.

"ఏది ఎక్కడుందో తెలీలేదమ్మా. వెనకాల పిల్లలు నవ్వారు. ఇంక నేను బడికెళ్లను."

మిగతా పరీక్షలకీ వెళ్లలేదు. తల్లి బతిమాలింది, కొట్టింది, కాళ్లు పట్టుకుంది. పిల్ల గుమ్మం దాటలేదు.

సెలవుల్లో శ్రీలయ బళ్లో పాఠాలు చెప్పే జెస్సమ్మ టీచర్ ఇంటి ముందు ఆటో దిగింది. ఆటోలో ఒక కంప్యూటర్.

"వేలాయుధేట్టన్ పంపారు. మీది అమ్మేశారటగా. ఆసుపత్రిలో ఉండి మరీ చెప్పారు, నా మిషన్ ఆ పిల్లకివ్వండని. పరీక్షల హడావుడిలో నేనే ఆలస్యం చేశాను."

"ఆయనెలా ఉన్నారు?"

"పోయి పదకొండు రోజులైంది."

టీచర్ మీట నొక్కింది. చాయ్ గ్లాసు కింద పెట్టేలోపు తెర వెలిగింది. అన్నీ మలయాళ అక్షరాలే.

"పాత మిషన్లున్న ఇళ్లలో పిల్లలు వెనకబడకూడదని, ఈ తేలిక లినక్స్‌ని తొమ్మిదేళ్లు కూర్చుని తయారుచేసింది ఆయనే. దీని మీదే."

శ్రీలయ ఇప్పుడు ఒట్టప్పాలం బజారులో బట్టల షాపులో చీరలు మడతపెడుతోంది. అటు వెళ్తే ఒక్కసారి పలకరించి, మళ్లీ చదువుకుంటావా అని అడిగి చూడండి, తల్లి అడిగితే మాట్లాడటం లేదు.