బహిష్కరణ సంచిక

“ఈ నెలా వచ్చిందమ్మాయ్!” అంటూ నోరిస్ తడి టోపీ తీయకుండానే వంటింట్లోకి వచ్చి, కవరును బల్ల మీద పడేశాడు.

బెరిల్ చేతిలో స్టేప్లర్ ఆగింది. టైపు కొట్టిన చిరునామా. లోపల, ‘ఒక అభిమాని’ అన్న రెండు ముక్కలే తప్ప పేరుండదు. ఏడాదిగా నెల తప్పకుండా వస్తున్నాయి ఆ ఉత్తరాలు.

ఆమె నడిపే పత్రిక పేరు ‘రోలర్’. పదహారు పేజీలు జెరాక్సు తీసి, మధ్యలో రెండు పిన్నులు కొట్టి, మ్యాచ్ రోజున మైదానం గేటు దగ్గర అమ్ముతారు. అచ్చుయంత్రాల మీద వచ్చే పెద్ద ఫుట్‌బాల్ పత్రికల్లో బ్రిగ్‌హోమ్ టౌన్ లాంటి నాలుగో డివిజన్ జట్టుకు దక్కేది స్కోరు ఒక్కటే. అందుకే ఆ రోజుల్లో ఊరూరా అభిమానులే ఇలాంటివి వేసుకునేవారు. మిగతా వాటిలో జోకులూ, కార్టూన్లూ ఉండేవి. రోలర్ నిండా ఉన్నది ఒక్కటే: క్లబ్బు ఛైర్మన్ క్లిఫర్డ్ హెబ్డెన్ మీద పగ.

బెరిల్ తండ్రి ఎనక్ ముప్పై ఒక్క ఏళ్ళు గడ్డి మీద రోలర్ లాగుతూ ఆ మైదానాన్ని సాకాడు. ఒక శనివారం ఆట విరామంలో గోలు ముందు బురద సరిచేస్తుంటే, హెబ్డెన్ జనమంతా చూస్తుండగా, “ముసలాడా, ఆ పార అక్కడ పెట్టి ఇంటికెళ్ళు, ఇక రానక్కర్లేదు” అన్నాడు. ఎనక్ దండం పెట్టినా వినలేదు. ఆరు నెలలకు ఎనక్ పోయాడు. బూడిదను ఉత్తరం గోలు వెనక చల్లమన్నది ఆయన చివరి కోరిక. అనుమతి అడగడానికి బెరిల్ హెబ్డెన్ ముందే నిలబడాల్సి వచ్చింది.

“చల్లుకో. గడ్డికి మంచి ఎరువే” అన్నాడాయన, తలెత్తకుండా.

ఆ మాట విన్న వారానికే రోలర్ మొదటి సంచిక వచ్చింది.

“చదువు, చదువు” అని తొందరపెట్టాడు నోరిస్. రిటైరైన బస్సు కండక్టరు, పక్కింటాయన. పత్రికలు అమ్మేది ఆయనే. “పోయిన ఉత్తరాల్లో బోర్డు గదిలో ఖరీదైన తివాచీ సంగతీ, ఆటగాళ్ళ చన్నీళ్ళ స్నానాల సంగతీ ఎంత నిజం! క్లబ్బు సెక్రటరీ పిల్లింగే రాస్తున్నాడు. వాణ్ణి హెబ్డెన్ కుక్కను పిలిచినట్టు పిలుస్తాడు.”

“పేరెత్తకు బాబాయ్. పాపం, ఉద్యోగం పోతుంది.”

ఉత్తరం పొట్టిగా ఉంది. ‘మీ రాతలకు ఆయన చలించడు. జనం నిలబడే మెట్లు ఖాళీ అయితేనే భయపడతాడు. సీజను ముగిసేదాకా ఒక్కరూ టికెట్టు కొనకండి. ఈస్టరుకల్లా క్లబ్బు వదిలి పోతాడు.’

“మ్యాచ్ మానేయాలా?” నోరిస్ కూర్చుండిపోయాడు. “నలభై ఏళ్ళలో నేను మానింది ఒక్కటే, నా పెళ్ళి రోజున.”

“అదైనా మానావు.”

“పెళ్ళికూతురి నాన్న నా పక్కనే నిలబడ్డాడమ్మాయ్, ఎలా వెళ్తాను?”

బెరిల్ నవ్వలేదు. శనివారం శనివారం ఉత్తరం గోలు వెనక నిలబడకపోతే నాన్నకు దూరమైనట్టే. కానీ చెవిలో ఆ ఎరువు మాట మోగింది. నల్లటి ముఖపత్రం మీద మూడు తెల్లటి మాటలు వేసింది: ‘హెబ్డెన్ పోయేదాకా లోపలికెళ్ళకండి.’

శనివారం గేటు దగ్గర హెబ్డెన్ కారు ఆగింది. ఆయనకూ ఒక కాపీ కొనే అలవాటుంది.

“ఏమ్మా, పారవాడి కూతురా, ఈ నెల నామీద ఏం వండావు?”

“తింటే తెలుస్తుంది.”

ముఖపత్రం చూడగానే ఆయన మొహం మారింది. “ఇది మాత్రం వద్దు. నన్ను తిట్టుకో, పడతాను. జట్టు కడుపు కొట్టకు. నీకు దండం పెడతాను, ఆపు.”

“మా నాన్న దండం పెట్టినప్పుడు మీరు ఆగారా?” అంది బెరిల్. కారు అద్దం పైకి లేచింది. ఆ సాయంత్రం ఆమె చాలా కాలం తర్వాత కడుపునిండా తిన్నది.

రెండు వేలు దాటే జనం మొదటి వారం ఆరు వందలయ్యారు. వందల మంది మైదానానికి వీపు పెట్టి రోడ్డు మీద నిలబడేవారు. లోపల బంతి తన్నిన చప్పుడు బయటికి ఒంటరిగా వినిపించేది. “వింటున్నావా బాబాయ్? వాడి గుండెలదే ఆ చప్పుడు” అనేది బెరిల్. ఏప్రిల్‌లో ఒక మ్యాచ్‌కు లోపలున్నది డెబ్బై ఒక్కరు.

ఈస్టరు వచ్చింది. హెబ్డెన్ రాజీనామా చేయలేదు. మునిసిపల్ సభలో లేచి నిలబడ్డాడు.

మైదానం స్థలం ఒకప్పుడు ఊరే క్లబ్బుకు ఇచ్చిందనీ, జనం ఆటకు వస్తున్నంత కాలం క్లబ్బు దాన్ని అమ్మకూడదని షరతు ఉందనీ చెప్పాడు. ఆయన సభ్యుల ముందు డెబ్బై ఒకటి అన్న అంకె ఉంచాడు. దాని పక్కన రోలర్ ప్రతి ఉంచాడు. “ఊరే వద్దంటోంది, నేనేం చేయను?” అన్నాడు. అక్కడ కట్టబోయే సూపర్‌మార్కెట్ నమూనా పటం విప్పారు. ఉత్తరం గోలు ఉన్నచోట సరుకుల లారీలు ఆగుతాయి. పది నిమిషాల్లో అమ్మకానికి సరేనంటూ చేతులు లేచాయి.

వరండాలో బెరిల్ ఆయనకు అడ్డం నిలబడింది. ఫైళ్ళు మోసుకొస్తున్న పిల్లింగ్ వైపు చూడకుండా జాగ్రత్తపడింది.

“గెలిచాననుకోకండి. మీ పక్కనే మా మనిషి ఉన్నాడు. ఈ అమ్మకంలో మీకెంత ముట్టిందో వచ్చే నెల ఉత్తరంలో రాస్తాడు. అక్షరం వదలకుండా వేస్తాను.”

హెబ్డెన్ తీరిగ్గా చేతి తొడుగులు వేసుకుని, ఆమె వైపు కాస్త వంగాడు.

“ఆ ఉత్తరాలు రాసింది నేనేనమ్మా.”