తొమ్మిది రోజుల కుళాయి నీళ్ళు

"వదినా, ఆ సీసా మూత తియ్యకు!"

ఆడపడుచు కేకకి కోడలి చెయ్యి ఆగిపోయింది. చేతిలో యాసిడ్ సీసా. ఎదురుగా అద్దాల తొట్టిలో రెండు డిస్కస్ చేపలు తలలు మూలకి పెట్టి, రెక్కలు ముడుచుకుని నిలబడ్డాయి. పళ్ళెంలా గుండ్రంగా, నారింజ రంగులో మెరిసిపోయే చేపలు రెండే రోజుల్లో మాడిన గిన్నె అడుగులా నల్లబడ్డాయి. పొద్దున వేసిన మేత వేసినట్టే అడుగున పడి ఉంది.

"మీ అన్నయ్య ఫోన్ చేశారు. గంటలో మామయ్యగారిని తీసుకొచ్చేస్తార్ట," అంది కోడలు. "కంటి ఆపరేషన్ చేయించుకుని, కట్టు విప్పుకుని వస్తున్న మనిషి. ఇంట్లోకి రాగానే చూసేది వీటినే. ఏం చెప్పను?"

"ఉన్నది చెప్పు."

"ఉన్నదేంటో నీకు తెలుసా?"

ఆడపడుచు తల అడ్డంగా ఊపింది. స్కూలు సంచి ఇంకా భుజం మీదే ఉంది.

కోడలు తొట్టి పక్కన గోడకి అంటించిన కాగితం చూపించింది. మామగారి గుండ్రటి రాత. 'రోజూ ఒక బకెట్ నీళ్ళు మార్చాలి. బకెట్‌కి పన్నెండు చుక్కల యాసిడ్. పదకొండూ కాదు, పదమూడూ కాదు.' కింద రెండు గీతలు కూడా ఉన్నాయి.

"మొదటి రోజు పన్నెండూ లెక్కపెట్టే వేశాను. ఆ నీళ్ళు పొయ్యగానే ఇవి అద్దానికేసి తలలు కొట్టుకున్నాయి. భయమేసి చేపల షాపతన్ని అడిగాను. 'కుళాయి నీళ్ళలో పుట్టి పెరిగినవేనమ్మా ఇవి. ఒక రోజు నిలవుంచిన నీళ్ళు పొయ్యండి, చాలు. రోజుకో రకం నీళ్ళయితేనే వాటికి ఇబ్బంది' అన్నాడు. అప్పట్నుంచీ ఈ సీసా ముట్టుకోలేదు."

"అప్పట్నుంచీ అంటే?"

"తొమ్మిది రోజులు."

"అయిపోయావ్ వదినా!" ఆడపడుచు సంచి కింద పడేసింది. "నాన్న నన్ను ఆ తొట్టి దగ్గర తుమ్మనివ్వరు. అన్నయ్య చేతికి మేత డబ్బా కూడా ఇవ్వరు. నువ్వొచ్చి రెండు నెలలైనా కాలేదు, ఏకంగా సీసాయే ఇచ్చారు. అంత నమ్మకం నాన్నకి నువ్వంటే..."

"ధైర్యం చెప్తున్నావా, ప్రాణం తీస్తున్నావా?"

కోడలు నీళ్ళలో యాసిడ్ ఎంతుందో చూపే పరీక్ష కాగితం చించి తొట్టిలో ముంచింది. ఆకుపచ్చగా మారింది. పసుపు రావాలి. మళ్ళీ ఇంకోటి ముంచింది. మళ్ళీ ఆకుపచ్చే.

"రోజుకి పన్నెండు, తొమ్మిది రోజులకి నూటెనిమిది చుక్కలు," అని గొణుక్కుంది. "ఇప్పుడు ఒక్కసారే పోసేస్తే ఆయనొచ్చేలోపు పసుపు రంగుకి వచ్చేస్తుంది కదా?"

"తొమ్మిది రోజుల మాత్రలు ఒక్కసారే మింగి నువ్వు బతుకుతావా?"

కోడలు షాపతనికి ఫోన్ చేసింది.

"రెండూ నల్లబడ్డాయా? మేత ముట్టడం లేదా?" అన్నాడతను. "ఏదేమైనా ఇప్పుడు మాత్రం ఏమీ పొయ్యకండమ్మా. నీళ్ళు ఉన్నట్టుండి మారితే తట్టుకోలేవు. సాయంత్రం వచ్చి చూస్తాను."

"సాయంత్రం దాకా నేను తట్టుకోవాలిగా," అంది కోడలు, అవతల ఫోన్ పెట్టేశాక.

అంతలో అద్దానికి ముక్కు ఆనించిన ఆడపడుచు ఉలిక్కిపడింది. "వదినా, చేప ఒంటి మీద ఏవో పాకుతున్నాయి!"

కోడలు వంగి చూసింది. సూది మొనంత సన్నటివి. పదులకొద్దీ ఉన్నాయి. పెద్ద చేప డొక్క మీద వేలాడుతూ చర్మాన్ని కొరుకుతున్నాయి. చేప ఒక్కసారి ఒళ్ళు విదిలించింది. రాలినవన్నీ గుంపుగా వెళ్ళి పక్క చేపని పట్టుకున్నాయి.

"పురుగులు!" కోడలు సీసా మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "ప్రాణం ఉండగానే తినేస్తున్నాయి. అన్నీ నా వల్లే."

"షాపతను వద్దన్నాడుగా!"

"ఊరుకున్నా చేపలు పోతాయి. పోస్తే పురుగులైనా చస్తాయేమో!"

మూత ఊడింది. ఘాటు ముక్కుకి కొట్టింది. సీసా నీళ్ళ మీదకి వంచబోతుండగా వాకిట్లో కారు ఆగింది. నల్ల కళ్ళద్దాలతో మామగారు చెప్పులైనా విప్పకుండా లోపలికి వచ్చారు.

"ఏమ్మా, ఎలా ఉన్నాయి మనవి?"

కోడలికి సీసా దాచడానికి కూడా తోచలేదు. "తప్పయిపోయింది మామయ్యగారూ. మొదటి రోజు తప్ప మీరు చెప్పిన చుక్కలు వెయ్యలేదు. తొమ్మిది రోజులూ ఉత్త కుళాయి నీళ్ళే పోశాను. నల్లబడిపోయాయి. పురుగులు కూడా పట్టాయి."

మామగారు కళ్ళద్దాలు తీశారు. తొట్టి మీదకి వంగి, అద్దానికి నుదురు ఆనించారు. కాసేపటికి ఆయన భుజాలు వణకడం మొదలుపెట్టాయి. ఆడపడుచు మెల్లగా వదిన వెనక్కి జరిగింది.

"ఆ సీసా ఇలా ఇవ్వు," అన్నారాయన వెనక్కి తిరక్కుండానే.

ఇచ్చింది. ఆయన నేరుగా సింకు దగ్గరికి వెళ్ళి, కుళాయి ధారగా తిప్పి, సీసా మొత్తం ఒంపేశారు. తిరిగొచ్చేసరికి చెంపలు తడిసి ఉన్నాయి.

"ఏడవకు నాన్నా, కళ్ళకి మంచిది కాదు," అంది కూతురు బెదురుగా.

ఆయన కోడలి తల మీద చెయ్యి పెట్టారు.

"నాలుగేళ్ళుగా చుక్కలు లెక్కపెట్టి పోశానమ్మా, పెట్టిన గుడ్లన్నీ బూజు పట్టిపోయేవి. అవి పురుగులు కాదు తల్లీ, పిల్లలు. పిల్లల్ని సాకేటప్పుడు పెద్దవి ఇలాగే నల్లబడతాయి. చూడు, అమ్మానాన్నల ఒంటి జిగురు తాగుతున్నాయి!"