మూత కింద మాత్రలు

గిన్నె మీది మూత తీయగానే ప్రాజక్త పకపకా నవ్వింది.

మందాబాయి కోడలు ప్రాజక్త ఏడోనెల వేడుకకి మహారాష్ట్రలోని జున్నర్ చుట్టుపక్కల ఆడవాళ్లంతా ఆకుపచ్చ చీరల్లో దిగిపోయారు. రెండు గిన్నెల మీద మూతలు పెట్టి ఒకటి తెరవమన్నారు. పేఢా ఉంటే మగపిల్లాడు, బర్ఫీ ఉంటే ఆడపిల్ల.

ప్రాజక్త తెరిచిన గిన్నెలో రెండూ లేవు. ఎర్రటి ఐరన్ మాత్రల అట్ట ఉంది.

"అయితే మందుల షాపువాడు పుడతాడు," అంది ఎవరో చిలిపి కోడలు. అందరూ గొల్లుమన్నారు.

మందాబాయికి మాత్రం ఒళ్లు మండింది.

కోడలికి రక్తం బాగా తక్కువగా ఉందని నర్సు ఇచ్చిన అలాంటి అట్టల్నే ఆవిడ అటకెక్కించింది. మాత్రలు పొలం లేనివాళ్లకని ఆవిడ వాదన. మెంతికూర, పాలకూర, బీట్‌రూట్, అన్నీ సొంత తోటలోవే. పూటపూటా కొసరి కొసరి వడ్డించేది. అయినా పిల్ల మొహం పాలిపోయింది, నాలుగు మెట్లెక్కితే ఆయాసపడేది. పురుడెలా గట్టెక్కుతుందోనని నర్సు బెంగ పెట్టుకుంది.

"ఎవరి పనిది?" అంది మందాబాయి.

"నాదే," అంది ఓ మూల బొబ్బట్టులాంటి పూరణ్‌పోళీ తింటున్న పెద్దావిడ.

పొద్దున్నే వచ్చి వంటింట్లో చేరి, గిన్నెలు సర్దిన మనిషి. వియ్యపురాలి వైపు చుట్టం కాబోలనుకుని మందాబాయి నోటిదాకా వచ్చిన తిట్టు మింగేసింది. ఇలాంటి రోజున వియ్యాలవారిని నొప్పిస్తే ఊరు ఏడాదిపాటు చెప్పుకుంటుంది.

"మా కూర నచ్చలేదా, అక్కా?" అంది తియ్యగా.

"బ్రహ్మాండంగా ఉంది. మళ్లీ వేయించుకున్నాను కూడా. కానీ చేదేదమ్మా? మా రోజుల్లో గుప్పెడు మెంతికూర పొయ్యి మీద వేస్తే వీధంతా తెలిసేది. ఇప్పుడు ఆకు ఏపుగా ఉంటుంది, లోపలంతా నీళ్లు. విత్తనం మారింది, నేల అలిసిపోయింది. కడుపు నిండుతుంది గానీ అప్పటి సత్తువ ఎక్కడిది?"

"అయితే మాత్రలు మింగి బతకమంటావా?"

"కూర మానమన్నానా? కూర తినాలి, చాలనిది మాత్ర పూడుస్తుంది," అని పెద్దావిడ ప్రాజక్త వైపు తిరిగింది. "నిమ్మకాయ నీళ్లతో వేసుకో తల్లీ, టీతో మాత్రం వద్దు."

ప్రాజక్త అక్కడికక్కడే ఒకటి మింగేసింది. అంతమందిలో కోడలి చేతిలోంచి లాక్కోలేక మందాబాయి మొహం గంటు పెట్టుకుంది. పెద్దావిడ మాత్రం వెళ్తూ వెళ్తూ పూరణ్‌పోళీలు మూట కట్టించుకుని మరీ వెళ్లింది.

వియ్యపురాలి వైపు పెద్దదిక్కు చెప్పాక కాదంటే బాగుండదని మందాబాయి ఊరుకుంది. కొన్ని వారాలకి పిల్ల బుగ్గల్లోకి రంగొచ్చింది, మేడ మెట్లు గబగబా ఎక్కసాగింది. ఆ తర్వాత నిమ్మకాయ పిండి ఇచ్చేది మందాబాయే.

బొద్దుగా ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే ఏడ్చిన ఏడుపుకి ఆస్పత్రి వరండా దద్దరిల్లింది. మందాబాయి సంతోషం పట్టలేక దారినపోయేవాళ్లకి కూడా బర్ఫీలు పంచింది.

బారసాల నాడు ఆవిడ ఓ పట్టుచీర పట్టుకుని గుమ్మం వైపే చూస్తూ కూర్చుంది.

"మీ పెద్దావిడ రాలేదేం, వదినగారూ? మొదటి చీర ఆవిడకే పెడదామనుకున్నాను," అని వియ్యపురాల్ని అడిగింది.

వియ్యపురాలు తెల్లబోయింది. "మా ఆవిడేంటి? మీ ఆడపడుచనుకుని మూట కట్టిచ్చింది నేనేగా."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని కడుపుబ్బా నవ్వుకున్నారు.

ఉయ్యాల్లో పిల్లని చూడ్డానికొచ్చిన నర్సు ఆ మాట విని దగ్గరికొచ్చింది. ఆ పెద్దావిడ పేరు కోండాబాయి అని, పక్కూరని చెప్పింది. మాత్రలు మింగనివ్వని ఇల్లేదో తన దగ్గర కనుక్కుని, పిలవకపోయినా వేడుకకి వెళ్లిపోతుందట.

"బండి పంపిస్తాను, ఇప్పుడే తీసుకొద్దాం," అని లేచింది మందాబాయి.

"రాదు. సీమంతాలకి వెళ్తుంది గానీ బారసాలలకి వెళ్లదు." నర్సు గొంతు తగ్గించింది. "'మా ఇంట్లో ఇన్ని కూరలుండగా మాత్రలెందుకు' అని అప్పట్లో తన కోడలికి అందనివ్వలేదు ఆవిడ. ఆ ఇంట్లో బారసాల జరగలేదు."