డొనాటో పోయనన్న కోడిరసం

ఆ పొద్దున మబ్బు కొండ మీదికి దిగి చర్చి గంటగోపురాన్ని నడుందాకా మింగేసింది. సన్నటి తుంపర. గొడుగు వేస్తే నవ్వుతారు, వెయ్యకపోతే తడుస్తారు. లొరేన్ తడుస్తూనే వచ్చి, చంకలో ఫ్లాస్కుతో డొనాటో హోటల్ తలుపు తోసింది. డొనాటో గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

“ఇవాళ కుదరదు, సిన్యోరా.”

“ఏం కుదరదు?”

“ఏదీ కుదరదు. ఇంటికెళ్ళండి.”

అతని భుజం మీదుగా లోపలికి చూసింది. బల్లలన్నీ నిండే ఉన్నాయి. వంటింట్లో కోడి ఉడుకుతున్న వాసన వీధిలోకి కొడుతోంది.

“నాకు కాదు. వెండెల్‌కి,” అంది లొరేన్. “కోడిరసం. సన్న సేమియా వేసి. రోజూ పోస్తావుగా?”

ఆమె ఈ ఊళ్ళో చర్చి ఫాదర్‌ని కూడా నువ్వనే అంటుంది. అమెరికా నుంచి వచ్చాక ఆమెకు పట్టుబడిన ఇటాలియన్ అంతే.

వెండెల్ ఆమె భర్త. తుంటి విరిగి కింద పట్నంలో ఆసుపత్రిలో ఉన్నాడు. అక్కడి తిండి చూస్తే మొహం తిప్పుకుంటాడు. గొంతు దిగేది ఈ రసం ఒక్కటే. ఆ వార్డులో నర్సు డొనాటో పెళ్ళాం ఫిలోమెనాకు మేనకోడలు గనక బయటి తిండి లోపలికి పోనిస్తోంది. నిన్న అదీ సగం వదిలేశాడు. ఇలాగే ఉంటే ముక్కులోంచి గొట్టం వేస్తామన్నాడు డాక్టరు. పొద్దున ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. అవతల ఎవరో గడగడా మాట్లాడారు. ఫోన్లో ఇటాలియన్ ఆమెకు ఒక్క ముక్క అందదు. అలవాటుగా “సరే, సరే, థాంక్స్” అని పెట్టేసింది. పెట్టేశాక అనుమానం వచ్చింది. గొట్టానికి గాని ఒప్పేసుకున్నానా? వాళ్ళు ఆ పని చేసేలోపు అతని చేత నాలుగు గుటకలు తాగించాలి. అవతల బస్సు కదలబోతోంది.

“నిన్నటి కోపమా?” అంది.

నిన్న ఆమె ఇక్కడే కూర్చుని ఉప్పుచేప కూర మీదికి చీజ్ తురుము అడిగింది.

“చేప మీద చీజా! మా అమ్మ సమాధిలోంచి లేచొస్తుంది,” అన్నాడు డొనాటో.

“లేచొస్తే ఆమెకీ కాస్త వెయ్యి. తినేది నేను, నాలుక నాది.”

పేకాడుతున్న ముసలి రొక్కో పడీ పడీ నవ్వాడు. “ఇవాళ చేప మీద చీజ్, రేపు వైన్‌లో పంచదార! అమెరికా వచ్చేసిందిరోయ్ డొనాటో, ఇక కొట్టు కట్టెయ్!”

డొనాటో చెవులు మిరపపళ్ళలా ఎర్రబడ్డాయి.

ఇవాళ రొక్కో నవ్వడం లేదు. ముక్కలు బోర్లించి బల్లకేసి చూస్తున్నాడు. హోటలంతా అలాగే ఉంది.

“తప్పయింది,” అంది లొరేన్. “చేప మీదే కాదు, ఇంక దేనిమీదా చీజ్ అడగను. రసం పొయ్యి. వెండెల్ ఆకలితో ఉన్నాడు.”

“వెండెల్‌కా...” అని డొనాటో ఆగిపోయాడు. “మీ డబ్బు ఇవాళ ఈ ఊళ్ళో చెల్లదు. ఎవరూ ఏమీ అమ్మరు. వెళ్ళండి, వానలో నిలబడకండి.”

తలుపు మూశాడు. విసిరి కొట్టినా బాగుండేది. మెల్లగా మూశాడు.

రొట్టెల కొట్టుకు పరిగెత్తింది. కొట్టావిడ ఆమెను చూడగానే చెయ్యి అడ్డంగా ఊపి లోపలికి వెళ్ళిపోయింది. ఈలోగా బస్సు మలుపులో హారన్ కొట్టి కిందికి దిగిపోయింది.

లొరేన్ ఇంటికి వచ్చి ఖాళీ ఫ్లాస్కు బల్ల మీద పెట్టింది. ఈ ఊరు వచ్చి రెండేళ్ళయినా ఆ ఇంటి గడప ఒక్కరూ తొక్కలేదు. ఇప్పుడు ఒక్క చేపముక్క పాపానికి ఊరంతా కలిసి వెలేసింది. అక్కడ గొట్టం దిగుతూ ఉంటుంది. అతను తలుపుకేసి చూస్తూ ఉంటాడు. తడి కోటు విప్పకుండానే కూర్చుని, నోటికి చెయ్యడ్డం పెట్టుకుని ఏడ్చింది.

తలుపు చప్పుడైంది.

ఫిలోమెనా. చేతుల్లో గుడ్డ కప్పిన పెద్ద గిన్నె. వెనక డొనాటో, రొక్కో, రొట్టెలావిడ. ఫిలోమెనా బల్ల మీద తెల్లగుడ్డ పరిచింది. రొట్టెలావిడ రొట్టె కోసింది. డొనాటో మూత తీసి పళ్ళేల్లో రసం పోశాడు. సన్న సేమియా వేసిన కోడిరసం.

లొరేన్‌కి ఊపిరి వచ్చినట్టయింది. క్షమించేశారు!

“ముందు ఫ్లాస్కులో పొయ్యి,” అంది ముక్కు తుడుచుకుంటూ. “సాయంత్రం బస్సుకి వెళ్తాను.”

ఫిలోమెనా ఆమె చేతిలో చెంచా పెట్టి వేళ్ళు ముడిచింది. “నువ్వు తిను తల్లీ.”

అందరూ కూర్చుని తిన్నారు. చెంచాల చప్పుడు తప్ప మాట లేదు. రొక్కో తలెత్తలేదు. ఈ ఊరివాళ్ళకు రాజీ కూడా నోటితో చెప్పుకోవడం రాదు కాబోలు అనుకుంది లొరేన్. వెండెల్‌కి చెప్తే నమ్మడు. రెండేళ్ళుగా అతను ఎదురుచూసిన పంక్తి భోజనం ఇది.

అతనికని తను ఒక గిన్నెలోకి తీసి ఉంచిన రసం చల్లారిపోతోంది. ఆ గిన్నె తీసుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళి అగ్గిపుల్ల గీయబోయింది. ఫిలోమెనా ఒక్క ఉదుటున లేచొచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

“వద్దు తల్లీ! మొగుడు పోయిన ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు.”