ఇంజన్ మీది అన్నం

తాండూరు నుంచి కొడంగల్‌కు అంబాసిడర్ కిరాయికి నడిపినన్నాళ్లూ ఏసుదాసు అన్నం డబ్బాను ఇంజన్ మీదే పెట్టుకునేవాడు. రాత్రి దాకా అన్నం ఉడుకుగా ఉండేది. సగం తిని, సగం ఒక పక్కకు జరిపి బిడ్డ కోసం ఇంటికి తెచ్చేవాడు. డీజిల్ వాసనేసే ఆ నాలుగు ముద్దల రుచి నిరోషాకు మళ్లీ ఎక్కడా దొరకలేదు.

ఆయన పోయి చాన్నాళ్లయింది. తుప్పు పట్టిన ఆ కారునే ఇప్పుడు ఇంటెనక రేకుల షెడ్డులో నిరోషా బాగుచేస్తోంది. ఇంజన్ విప్పేసింది. పిస్టన్లు కింద గోనెపట్టా మీద ఉన్నాయి.

పొద్దుగూకినంక తల్లి భాగమ్మ డబ్బా నిండా అన్నం తెచ్చి, పాత అలవాటు కొద్దీ ఇంజన్ మీద పెట్టింది.

"గాడెందుకమ్మా? ఇంజన్ సల్లగున్నది."

"ఏమో బిడ్డా, చెయ్యి గట్లనే పోయింది," అని నవ్వుకుంటూ భాగమ్మ ఇంట్లోకి వెళ్లిపోయింది.

నిరోషా బయట చేతులు కడుక్కొని వచ్చేసరికి షెడ్డులో చిన్న చప్పుడు. టిక్. కాసేపాగి, టిక్. దూరం తిరిగొచ్చిన బండి చల్లారేటప్పుడు చేసే చప్పుడు. చిన్నప్పుడు అది వింటూనే నిద్రపోయేది.

పిస్టన్లు గోనెపట్టా మీదే ఉన్నాయి.

డబ్బా ముట్టుకుంటే వేళ్లు చురుక్కుమన్నాయి. చున్నీతో పట్టుకొని మూత తీసింది. పొగలు. అన్నం సగమే ఉంది, ఒక పక్కకు జరిపి.

డ్రైవర్ సీటు వైపు చూడకుండా, అక్కడే నిలబడి, చివరి మెతుకు దాకా తిన్నది.