సున్నా మార్కుల ఆయాసం

"మీకేమీ లేదు. ఇంటికి వెళ్లొచ్చు" అంది డాక్టర్ సిగ్నే.

"వెళ్లను" అంది మూడో బెడ్డు మీద పడుకున్న తూరా.

సిగ్నే చేతిలోని కాగితం వంక మరోసారి చూసింది. అరవై తొమ్మిదేళ్ల మనిషి. పొద్దున వంటింట్లో ఉన్నట్టుండి ఊపిరాడలేదని ఫియోర్డ్ అనే సముద్రపు పాయ అవతలి ఒడ్డు నుంచి భర్త కారులో తీసుకొచ్చాడు. ఇలా హఠాత్తుగా ఆయాసంతో ఎమర్జెన్సీకి వచ్చేవాళ్లలో ఎవరిని క్షణం ఆలస్యం చెయ్యకుండా పట్టుకోవాలో, ఎవరిని నిశ్చింతగా పంపెయ్యాలో తేల్చడం సిగ్నే పని. ఊపిరితిత్తుల్లోకి రక్తపు గడ్డ చేరితే, మాట్లాడుతున్న మనిషి మాట్లాడుతూ మాట్లాడుతూనే పోతాడు. అందుకే ఒక్కో ప్రశ్నకి ఇన్ని మార్కులని ఉంటుంది. కాలు వాచిందా, ఈమధ్య ఆపరేషన్ అయిందా, మంచాన పడి ఉన్నారా, నాడి పరుగెడుతోందా. తూరాకు వచ్చింది సున్నా.

"నాడి డెబ్బై నాలుగు. రక్తంలో ఆక్సిజన్ తొంభై ఎనిమిది. మీ గుండె నాకుంటే బాగుండును."

"వేలికి పెట్టే ఆ క్లిప్పు పాడైందేమో."

"పొద్దుటి నుంచి ఇరవై మందికి పెట్టాం."

"అందుకే పాడైంది."

నర్సు తెర పక్కకు జరిపి తొంగి చూసింది. బయట అంబులెన్స్ వచ్చి ఉంది, బెడ్డు కావాలి. తూరా భర్త హాల్వర్ వచ్చినప్పటి నుంచి కోటు కూడా విప్పకుండా తెర పక్కనే నిలబడి ఉన్నాడు. ముప్పై ఏళ్లు పడవ నడిపిన భారీ మనిషి.

"లే తూరా... డాక్టరమ్మ చెప్పింది కదా. మాట్లాడి మాట్లాడి... వచ్చి ఉంటుంది ఆయాసం."

"నువ్వు ఊరుకో. డాక్టరమ్మా, ఆ క్లిప్పు ఈయన వేలికి పెట్టి చూడండి. బాగుందో లేదో తేలిపోతుంది."

వాదన అక్కడితో తెగిపోతుందని సిగ్నే హాల్వర్ చెయ్యి అందుకుని వేలికి క్లిప్పు తగిలించింది.

ఎనభై ఏడు.

వేలు మార్చింది. ఎనభై ఆరు. నాడి నూట పద్దెనిమిది.

ఇందాకటి నుంచీ వినబడుతున్నదే అప్పుడు సిగ్నే చెవికెక్కింది. ఈ మనిషి నాలుగు మాటలకోసారి ఆగుతున్నాడు. పడుకున్నావిడనే చూస్తూ నిలబడ్డాయన్ని చూడనే లేదు.

"హాల్వర్ గారూ, కూర్చోండి."

"నేను పేషెంటుని... కాదు."

"కూర్చోండి."

ఆ గొంతుకి ఆయన కూర్చున్నాడు. సిగ్నే వంగి ఆయన ప్యాంటు కాళ్లు రెండూ పైకి మడిచింది. ఎడమ పిక్క కుడిదానికి ఒకటిన్నర రెట్లు ఉంది. మోకాలి మీద కుట్ల గీత ఇంకా గులాబీ రంగులోనే ఉంది.

"ఈ ఆపరేషన్ ఎప్పుడైంది?"

"నెల కూడా... కాలేదు."

"ఆయాసం ఎప్పట్నుంచి?"

"ఆయాసమేం లేదు. కాస్త... వయసు."

"శనివారం నుంచి" అంది తూరా. "రెండు కట్టెలు పేర్చడం, గోడ పట్టుకోవడం. మళ్లీ రెండు కట్టెలు, మళ్లీ గోడ."

అని బెడ్డు మీంచి చెంగున దిగి భర్తకు చోటిచ్చింది.

తర్వాత అన్నీ వెంటవెంటనే. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం, చేతికి సూది, రక్తం పల్చబడే ఇంజెక్షన్, చక్రాల మంచం మీద స్కానింగ్ గదికి పరుగు. గడ్డ ఉందని సిగ్నేకి అనుమానమే లేదు. అది గుండెను ఎంత నొక్కుతోందన్నదే భయం. తెర మీద బొమ్మ వచ్చేదాకా ఆమె పెదవి కొరుక్కుంటూ నిలబడింది.

రెండు ఊపిరితిత్తుల్లోనూ గడ్డలున్నాయి. గుండె మాత్రం తట్టుకుని ఉంది.

వసారాలో బల్ల మీద కూర్చున్న తూరా పక్కన సిగ్నే కూలబడింది.

"బతుకుతాడా?"

"బతుకుతారు. కొన్నాళ్లు ఇక్కడ, కొన్ని నెలలు మాత్రలు. రేపు చూద్దామని ఇంట్లో ఉండిపోయి ఉంటే ఈ మాట చెప్పగలిగేదాన్ని కాదు."

తూరా చప్పుడు లేకుండా ఏడ్చింది. స్వెట్టర్ చేతితో కళ్లు తుడుచుకుంది.

"సరిగ్గా ఇవాళే మీకు ఆయాసం రావడం అదృష్టం" అంది సిగ్నే.

తూరా నేల వంక చూసింది.

"నాకు ఏ ఆయాసమూ రాలేదమ్మా. మూడు రోజులు బతిమాలాను, వినలేదు. తన కోసం గడప దాటడు, నా కోసమైతే దాటుతాడు. కుర్చీ పట్టుకుని రొప్పాను. మీ బెడ్డు అన్యాయంగా ఆక్రమించాను, తిట్టండి."

సిగ్నేకి తిట్లు రాలేదు. ఆ రోజు మొదటిసారి నవ్వొచ్చింది.

"ఆయనకి మాత్రం చెప్పకండి. పెళ్లాం తనని బోల్తా కొట్టించిందని తెలిస్తే తట్టుకోలేడు."

"చెప్పను."

సాయంత్రం సిగ్నే పైవార్డుకి వెళ్లేసరికి హాల్వర్ పెదవుల్లోకి రంగు వచ్చింది. పక్క కుర్చీలో తూరా తల వాల్చి నిద్రపోతోంది.

"మీ ఆవిడ ఆయాసం తగ్గినట్టుంది" అంది సిగ్నే, మొహం మామూలుగా పెట్టుకుని.

హాల్వర్ భార్య వైపు ఓసారి చూసి, దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

"దానికి అబద్ధం ఆడ్డం చేతకాదు డాక్టరమ్మా. అంతలా రొప్పుతూ కూడా పొంగుతున్న కాఫీ గిన్నె దించి, పొయ్యి ఆర్పి మరీ కుర్చీలో పడింది."

"మరి తెలిసీ ఎందుకు తీసుకొచ్చారు?"

ఆయన గొంతు ఇంకా తగ్గించాడు. "మూడు రోజుల నుంచి చచ్చిపోతానేమోనని నాకే భయం, ఆ మాట పైకి చెప్పలేక ఒక సాకు కోసం చూస్తున్నాను."