జత డబ్బాలు

"ఇవి సార్ చూపించినవి కావమ్మా," మైక్రోస్కోప్ మీంచి తలెత్తకుండానే అంది అనూహ్య.

"మంచిగ చూడు బిడ్డా. ఆయన డబ్బానే అది," అంది ప్రభావతి. నాంపల్లి నుంచి ఎండలో నడిచొచ్చిన ఆయాసం ఇంకా తీరలేదామెకు. అబిడ్స్‌లోని ఆ పాత మేడ గదిలో, మొన్న మొన్నటిదాకా ఆమె భర్త, అనూహ్యకు గురువు అయిన శ్యామ్‌సుందర్ కూర్చున్న కుర్చీ ఖాళీగా ఉంది. దాంట్లో ఆమె కూర్చోలేదు. పక్కన స్టూలు లాక్కుంది.

శ్యామ్‌సుందర్ వెతికింది పెళుసు నక్షత్రాలను. నక్షత్రచేపకు చుట్టాలవి. బతికినన్నాళ్లూ ఐదు సన్నని చేతులతో సముద్రం అడుగున పాకుతాయి. చచ్చాయంటే కీలుకు కీలు ఊడి, చిన్న చిన్న పలకలై ఇసుకలో గసగసాల్లా చెల్లాచెదురవుతాయి. రాయిగా మారిన ఆ పలకల్లో ఒక్కటి దొరికినా చాలు, ముళ్లు కూర్చునే బుడిపెలు చూసి జాతి చెప్పొచ్చు. లోకంలో ఎవరూ చూడని జాతి పలకలు ఆయనకు దొరికాయి. దవాఖానలో ఆయన ఆఖరి మాట, "డబ్బా అనూహ్యకియ్యి."

"ఆ కొత్త జీవికి ఆయన పేరే పెడ్తనంటివి కద?"

"పెడతానమ్మా. కానీ ఒక్క పలకైనా కనపడాలి కదా."

"జర మల్ల చూడు. మాకు పిల్లా జెల్లా లేకపాయె. ఆ పేరొక్కటే మిగిలేది."

అనూహ్య ఇంకో చిటికెడు తీసి గాజుపలక మీద చల్లింది. బుడిపెల్లేవు. పెళుసు నక్షత్రాల పలకలకుండే జల్లెడలాంటి అల్లికా లేదు. అన్నీ నెర్రెలు విచ్చిన తెల్లటి పెచ్చులు.

"వీటినెవరైనా వేడి చేశారా అమ్మా?"

"గదేంది? ఆ డబ్బాకు ఎండ గూడ తగలనియ్యకపోతుండె. ధనియాలకని బేగం బజార్ల జత డబ్బాలు కొన్న. ఒకటి ఎత్తుకపొయ్యిండు మీ సారు. 'నీ ధనియాలకంటె నా రాళ్లే పాతయి' అని నవ్వుడు." ప్రభావతి కూడా నవ్వబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "రెండోదాని మీద గూడ కన్నేసిండు. నేనియ్యలే. ఆఖరికి అది గూడ ఆయనకే పాయె."

"అదెలా?"

"అస్థికలకు డబ్బా కావాలంటె మా మరిది రవిచంద్రకు ఇచ్చిన. ఇంట్లకు తేవద్దంటరు కద, మీ సారు స్కూటర్ డిక్కీల పెట్టిండు. తెల్లారగట్ల తీస్కపోయి బీచుపల్లి కాడ డబ్బాతోటే కృష్ణల కలిపొచ్చిండు. వెనక్కి తిరిగి చూడొద్దన్నడట పంతులు."

అనూహ్య చెయ్యి ఆగిపోయింది. "మరి ఈ డబ్బా ఎక్కణ్ణుంచి తెచ్చారు?"

"గాడికెల్లే, డిక్కీలకెల్లి. ఆయన రాళ్ల డబ్బా ఎప్పుడు గాడనే ఉంటుండె."

అనూహ్య గాజుపలక మీది చిటికెడును, రవ్వ కూడా కింద పడకుండా, డబ్బాలోకి వంచింది. మెల్లగా మూత పెట్టింది. లేచి నిలబడి కాళ్ల చెప్పులు విడిచింది.

"ఏమైంది బిడ్డా? ఏ జీవిదో తెల్సిందా?"

రెండు చేతులతో డబ్బాను ఆమె ఒడిలో పెట్టి అనూహ్య అంది: "కృష్ణలో కలిసినవి నక్షత్రాలమ్మా. సార్ ఇక్కడికే వచ్చారు."